సింగిల్ విండో వెనక: యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నా ఏడాది

2024లో సంక్రాంతికి పెట్టిన లీవు అయి ఆఫీసుకి వచ్చేసరికి టేబుల్ మీద సర్క్యులర్ ఉంది. జూలై 1 నుంచి సర్టిఫికెట్ల పనులన్నిటికీ ఒకే కౌంటర్. దాని ఏర్పాటుకి ఒక కమిటీ, కమిటీకి సాయంగా ముగ్గురు ఉద్యోగులు. ఆ ముగ్గురిలో నా పేరు ఉంది. ఎందుకు వేశారో ఎవరినీ అడగక్కర్లేదు. మా సెక్షన్లో తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడి, కంప్యూటర్ ముందు కూడా కూర్చునేది నేనొక్కదాన్నే.

నేను దక్షిణ ఒడిశాలో ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంట్‌ని. పుట్టింది, చదివింది పర్లాకిమిడిలో. యూనివర్సిటీ పేరు రాయను, ఇంకా అక్కడే ఉద్యోగం చేసుకోవాలి. మీ ఆఫీసులోనూ ఇలాంటి మార్పు రాబోతుంటే, లేదా మీరే ఏదో సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటే, కిటికీకి లోపలివైపు ఏం జరుగుతుందో తెలుస్తుందని రాస్తున్నాను.

అప్పటిదాకా ఎలా ఉండేదంటే, ఒక మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీలో చేరాలంటే అడిగే కాగితం) కోసం ముందు బ్యాంకులో చలానా కట్టాలి. లైబ్రరీలో నో డ్యూస్ (బకాయిలు లేవన్న కాగితం), హాస్టల్లో నో డ్యూస్, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం. అవన్నీ పట్టుకుని మా సెక్షన్‌కి వస్తే దరఖాస్తు తీసుకుని డైరీ నంబర్ ఇచ్చేవాళ్లం. రాయగడ నుంచో జయపురం నుంచో రాత్రి బస్సెక్కి వచ్చినవాడు ఆఫీసు తలుపులు తీసే టైముకే నిలబడితే, లంచ్ లోపల సగం సంతకాలు అయ్యేవి. మిగతా సగానికి 'సార్ మీటింగ్‌లో ఉన్నారు'. తర్వాత మూడు వారాలు ఫోన్లు. 'మేడమ్, మో కామ్ హెలా కి?' అని ఒడియాలో, 'నా పనైందా మేడమ్?' అని తెలుగులో. ఎవరికైనా నా జవాబు ఒకటే, ఫైలు పైన ఉంది.

ఫిబ్రవరిలో కమిటీ మాకు అప్పగించిన మొదటి పని విచిత్రంగా అనిపించింది. ఒక మైగ్రేషన్ ఫైలు పట్టుకుని, అది ఏ టేబుల్ మీద ఎంతసేపు ఉంటుందో రాసుకుంటూ వెంట తిరగమన్నారు. సరే, తిరిగాను. నోట్ షీట్ రాయడానికి పది నిమిషాలు. సెక్షన్ ఆఫీసర్ గారు చదివి సంతకం చేయడానికి రెండు నిమిషాలు. అసిస్టెంట్ కంట్రోలర్, డిప్యూటీ కంట్రోలర్ సంతకాలకి అంతకన్నా తక్కువ. మనుషులు నిజంగా చేసిన పనంతా కూడితే గంట కూడా కాలేదు. ఫైలు మాత్రం దాదాపు మూడు వారాలు ఆఫీసులో తిరిగింది. అందులో రెండు వారాలు ఒకే చోట ఉంది. టీఆర్ వెరిఫికేషన్ కోసం.

టీఆర్ అంటే టాబులేషన్ రిజిస్టర్. ఏ సంవత్సరం, ఏ పరీక్ష, ఏ రోల్ నంబరుకి ఎన్ని మార్కులు అన్నది చేత్తో రాసిన పెద్ద అట్టల పుస్తకాలు. మా దగ్గర 2009 తర్వాతి ఫలితాలు కంప్యూటర్లో ఉన్నాయి. అంతకు ముందువన్నీ ఈ పుస్తకాల్లోనే. ఆశ్చర్యం ఏంటంటే, 2021లో పాసైన పిల్లవాడి మైగ్రేషన్ ఫైలు కూడా పాత అలవాటు కొద్దీ టీఆర్ గది మీదుగానే వెళ్లేది. ఎవరూ వద్దనలేదు కాబట్టి.

ఈ సంగతి మీటింగ్‌లో చెప్పాను. కంప్యూటర్లో ఉన్న బ్యాచ్‌ల ఫైళ్లు టీఆర్ గదికి పంపక్కర్లేదని, సంతకాల్లో రెండు తగ్గించొచ్చని రాసి ఇచ్చాం. మా బడబాబు (హెడ్ క్లర్క్) నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. 'రేపు ఏదైనా తప్పు జరిగితే సంతకం ఎవరిదమ్మా?' అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆఫీసుల్లో సంతకాలు పెరిగేది ఈ భయం వల్లే. ఒక్క సంతకం పోవాలంటే దాని బదులు బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఒక్క వాక్యం రాయించుకోవడానికి మార్చి మొదటి వారం దాకా పట్టింది.

పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించాలని కూడా కమిటీ తీర్మానించింది. టెండరు కాగితాలు తయారయ్యాయి. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఒడిశాలో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు రెండూ కలిసే వస్తాయి, మా వైపు పోలింగ్ మే 13న. టెండరు ఆగిపోయింది. సెక్షన్లో సగం మందికి ఎన్నికల డ్యూటీ పడింది. కౌంటర్ తేదీ మాత్రం మారలేదు, జూలై 1.

ఆ ఖాళీలోనే అసలైన పని జరిగింది. అది ఎవరి ప్లానులోనూ లేదు.

టీఆర్ గది చూసే అటెండెంట్ జూన్ 30న రిటైరవుతున్నారు. ఆయన్ని అందరం మౌసా అంటాం, ఒడియాలో బాబాయ్ అన్నట్టు. ఏ రిజిస్టర్ ఏ బీరువాలో ఉందో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. రాసి పెట్టింది ఎక్కడా లేదు. ఆయన లీవు పెడితే వెరిఫికేషన్ ఆగిపోయేది, అందుకే ఆ రెండు వారాలు. స్కానింగ్ ఎప్పుడొస్తుందో తెలీదు, ఆయన వెళ్లిపోతే మనం ఎక్కడ వెతుక్కుంటామని నాకు గుండెల్లో రాయి పడింది. సెక్షన్ ఆఫీసర్ గారిని అడిగి, రోజూ లంచ్ తర్వాత ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ ఎండల్లో ఆ గది ఎలా ఉంటుందో చెప్పాలి. ఒక్క ఫ్యాను, అదీ వేస్తే కాగితాలు ఎగురుతాయని వేయనిచ్చేవారు కాదు. కలరా ఉండల వాసనకి మొదటి వారం సాయంత్రానికల్లా తలనొప్పి. 2013 అక్టోబరులో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి ఈ గది కిటికీ ఊడిపోయిందట. కింది అరల్లో ఉన్న పుస్తకాలు తడిశాయి. మౌసా వాటిని వారాల తరబడి వరండాలో ఆరబెట్టారు. ఇప్పటికీ కొన్ని పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. వాటిని విడదీయడానికి ఆయన దగ్గర ఒక పాత వెదురు స్కేలు ఉంది. అంచు అరగదీసి పలచగా చేసుకున్నారు. దాన్ని పేజీల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, మూలనుంచి మెల్లగా జరుపుతారు. ఇనుప స్కేలుతో చేస్తే సిరా లేచిపోతుందట.

'ఇది ఎలా గుర్తుపడతారు మౌసా?' అని అడిగితే, 'బైండింగ్ గుడ్డ చూడు మా' అనేవారు. ఎర్ర గుడ్డ అయితే బీఏ, ఆకుపచ్చ అయితే బీకాం, బూడిద రంగు బ్యాక్ పేపర్లవి, అంటే తప్పిన పేపర్లు మళ్లీ రాసినవాళ్లవి. ఒక ఏడాది ఎర్ర గుడ్డ దొరక్క బీఏకి కూడా ఆకుపచ్చే వేశారు. ఆ ఏడాది పిల్లలు ఎవరు వచ్చినా రికార్డు దొరకలేదనే చెప్పేవారట, ఆయన ఆ గదికి వచ్చేదాకా.

ఆయన చెప్తుంటే నేను ఎక్సెల్‌లో ఎక్కించాను. సంవత్సరం, పరీక్ష, రోల్ నంబరు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, బీరువా, అర, పుస్తకం పరిస్థితి. అంతే, ఆరు గడులు. ప్రతి బీరువాకీ, అరకీ స్కెచ్ పెన్నుతో నంబరు రాసి అతికించాం. ఖర్చు అంటే స్టిక్కర్లు, రెండు పెన్నులు, అవి కూడా నా డబ్బులే. బిల్లు పెట్టడానికి అయ్యే తిప్పల కన్నా అది నయం. జూన్‌లో వచ్చే ఒడియావాళ్ల రజ పండగకి సెక్షన్ అంతా ఖాళీ అయిపోయినా ఆయన మధ్యలో ఒక రోజు వచ్చి, పోడపీఠా (ఆ పండగకి చేసే పిండివంట) పొట్లం నా టేబుల్ మీద పెట్టి, 'ఆ మూల బీరువా మిగిలింది కదా' అన్నారు. రిటైర్మెంట్‌కి ముందు శుక్రవారం ఆ బీరువా కూడా అయింది.

రెండు వారాల వెరిఫికేషన్ పావుగంటకి వచ్చింది స్కానింగ్ వల్ల కాదు, ఈ జాబితా వల్లే. మీ ఆఫీసులో ఎవరైనా డిజిటలైజేషన్ అంటే, ముందు ఏది ఎక్కడుందో రాసే పని మొదలుపెట్టండి. దానికి టెండరు అక్కర్లేదు.

ఇక కౌంటర్. జూలై 1 సోమవారం. రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు తీశారు, స్వీట్లు పంచారు. పెద్దవాళ్లు వెళ్లిపోయాక నేనూ, టోకెన్ మెషీనూ మిగిలాం. పదకొండున్నరకి లైను మెట్ల దాకా వచ్చింది. కొత్తగా ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. బయట చెట్టు కింద నెట్ సిగ్నల్ ఉంటుంది, కౌంటర్ దగ్గర ఉండదు. కొందరికి డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు. స్క్రీన్‌షాట్ చూపిస్తారు, నా సిస్టంలో పెండింగ్ అని ఉంటుంది, నేను తీసుకోలేను. ఇలా అయితే వెంటనే రెండోసారి కట్టేయకండి. రిఫరెన్స్ నంబరు రాసుకుని మర్నాటిదాకా ఆగండి. చాలావరకు అదే ఎక్కుతుంది, లేదంటే కొద్ది రోజుల్లో డబ్బు ఖాతాకి తిరిగొస్తుంది. రెండుసార్లు కట్టినవాళ్ల రీఫండ్ ఫైలు ఫైనాన్స్ సెక్షన్‌కి వెళ్తుంది, దాని సంగతి అడక్కండి.

సోంపేట నుంచి ఒక పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చారు. 'ఏటమ్మా ఇది, తెల్లారగట్ల నాలుగ్గంటలకి బయల్దేరాం. కిటికీ ఒక్కటే అని పేపర్లో వేస్తే పని తొందరగా అవుతాదనుకున్నాను. ఒక్కటే కిటికీ కాబట్టి అందరూ ఇక్కడే ఉన్నారు' అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. పది చోట్ల ఉన్న లైన్లు తెచ్చి ఒకే చోట పెట్టాం, అంతే. ఆ వారమంతా ఇంటికి వెళ్లాక కూడా చెవుల్లో టోకెన్ నంబర్లే. మా ఆయన కాఫీ ఇచ్చి 'నెక్స్ట్' అని ఏడిపించేవారు.

ఆ పెద్దాయన పని ఏంటంటే, పేరు. అమ్మాయి పేరులో లక్ష్మి ఉంది. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో 'కె ఎస్ హెచ్' పెట్టి రాసి ఉంది. మా డిగ్రీలో 'ఎక్స్' పెట్టి ఉంది, ఒడిశాలో ఎక్కువమంది అలాగే రాస్తారు. ఉద్యోగానికి డిజిలాకర్‌లో డిగ్రీ తీద్దామంటే పేరు కలవట్లేదు. సరిహద్దు పిల్లలకి ఇది రోజూ ఉండే బాధే. వెంకట కాస్తా బెంకట అవుతుంది, ఎందుకంటే ఒడియా ఉచ్చారణలో 'వ' చాలాచోట్ల 'బ'. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఇంకో గొడవ. మనం ముందు రాస్తాం, ఫారంలో చివర గడి ఉంటుంది. పొడి అక్షరం ఒకచోట, పూర్తి ఇంటిపేరు ఇంకోచోట.

ఆయన అప్పటికే గేటు బయట ఎవరో చెప్పారని ఐదు వందలు పెట్టి నోటరీ అఫిడవిట్ చేయించుకొచ్చారు. అది అవసరమే లేదు. పదో తరగతి మెమోకీ మా డిగ్రీకీ తేడా ఉంటే, ముందు అడ్మిషన్ అప్పటి రిజిస్ట్రేషన్ ఫారం తీయించండి. అందులో మీరు సరిగానే రాసి ఉంటే ఎక్కించడంలో జరిగిన తప్పు అది, ఆఫీసే దిద్దాలి. అమ్మాయి ఫారం తీయిస్తే తన చేతిరాతతో సరిగ్గానే ఉంది. ఫీజు కూడా పడలేదు. 'బాబాయ్, ఈ అఫిడవిట్ వెనక్కి తీసుకెళ్లండి' అంటే, 'ఇంత స్టాంపు పెట్టింది ఎందుకమ్మా పారేయడం, ఫైల్లో పెట్టు' అన్నారు. పెట్టాను.

తేడా పదో తరగతి మెమోకీ ఆధార్‌కీ మధ్య ఉంటే మాత్రం మా దగ్గరికి రావడం దండగ. ఆధార్ దిద్దించుకోవాలి. అప్పట్లో ఎన్‌రోల్‌మెంట్ సెంటర్లో దానికి యాభై రూపాయలు. కాకపోతే ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చుకోవచ్చు, చూసుకుని వెళ్లండి. డిగ్రీ మార్చమని మా కాళ్లావేళ్లా పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. మా చేతిలో లేదు.

ఇంకో వింత. సింగిల్ విండో అని బోర్డు పెట్టేసరికి హాస్టల్లో నీళ్లు రావట్లేదని, మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని, బస్ పాస్ బోనఫైడ్ అని, వైఫై అని, అన్నీ నా దగ్గరికే. మొదట విసుక్కున్నాను. తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ వేసి రాసుకుని, సాయంత్రం వార్డెన్‌కి ఫోటో పంపడం మొదలుపెట్టాను. నీళ్ల సంగతి తొందరగానే తేలింది. పప్పు ఇంకా అలాగే ఉందట.

సెప్టెంబరులో మా మీద మొదటి ఫిర్యాదు వచ్చింది. గుణుపురం అమ్మాయి, మైగ్రేషన్ రాక వేరే చోట పీజీ సీటు ప్రమాదంలో పడింది. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సాధ్యమైనంతవరకు పదిహేను పనిదినాల్లో అది తన నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే విద్యార్థి ఇంకో పదిహేను రోజుల్లో ఓంబుడ్స్‌పర్సన్‌కి, అంటే అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఈ దారి చాలామంది పిల్లలకి తెలీదు. తెలిస్తే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడవరు.

కమిటీ ముందు కూర్చోవాలంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఇరవై ఏళ్ల సర్వీసులో ఎప్పుడూ సంజాయిషీ రాయలేదు. డైరీ ప్రింట్ తీసుకెళ్లాను. మా దగ్గర ఆ ఫైలు ఒక్క రోజే ఉంది. మిగతా కాలమంతా హాస్టల్ నో డ్యూస్ కోసం ఆగింది. మెస్ కాంట్రాక్టర్ మారాడు, పాత లెక్కల పుస్తకం కొత్తవాడికి ఇవ్వలేదు, ఆ అమ్మాయికి బకాయి ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పలేనప్పుడు సంతకం పెట్టకపోవడమే క్షేమం కదా.

అమ్మాయికి అదే రోజు సర్టిఫికెట్ ఇప్పించారు. ఆ తర్వాత వచ్చిన ఆర్డరు ఒకటిన్నర పేజీ. నో డ్యూస్ అడిగిన మూడు పనిదినాల్లో లైబ్రరీ గానీ హాస్టల్ గానీ జవాబు ఇవ్వకపోతే బకాయి లేనట్టే లెక్క. ఏడాది మొత్తం మీద నాకు బాగా నచ్చిన కాగితం అదే. అది వచ్చిన వారం నుంచి హాస్టల్ వాళ్లు మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేస్తున్నారు, ఫలానా వాడు నాలుగు వందలు ఇవ్వాలి మేడమ్, ఆపండి అని. అంటే లెక్కలు ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉన్నాయన్నమాట.

అక్టోబరు చివర్లో దానా తుపాను భయం. మళ్లీ పైలిన్ రోజులు గుర్తొచ్చి కింది అరల పుస్తకాలన్నీ పైకి ఎక్కించాం. తుపాను ఉత్తరాన ధామరా వైపు తీరం దాటింది, మాకేం కాలేదు. నవంబరులో స్కానింగ్ టెండరు తేలింది. వచ్చిన కుర్రాళ్లు మొదటి రోజు చేసిన ఫైళ్లకి స్కాన్ ఒకటి, స్కాన్ రెండు అని పేర్లు పెట్టారు. అలా వేల ఫైళ్లు చేతికొస్తే రిజిస్టర్ల గది కన్నా ఘోరం. నా ఎక్సెల్ ఇచ్చి, బీరువా-అర-సంవత్సరం-పరీక్ష వరసలో పేరు పెట్టమన్నాను. అదనంగా డబ్బడిగారు. ఒప్పందంలో ఉందని సెక్షన్ ఆఫీసర్ గారు చూపించాక ఊరుకున్నారు. అతుక్కున్న పేజీలు మాత్రం ముట్టుకోలేదు. వాటికోసం మౌసా డిసెంబరులో వచ్చి కూర్చున్నారు, రోజుకూలీ లెక్కన.

ఇది రాస్తున్నది 2025 ఫిబ్రవరిలో. మైగ్రేషన్ మామూలుగా నాలుగైదు రోజుల్లో వస్తోంది. పాత బ్యాచ్ అయితే వారం. పేరు దిద్దుబాటుకి ఇప్పటికీ రెండు నెలలు పడుతోంది, దాన్ని చూసే కమిటీ నెలకోసారి కూర్చుంటుంది, అది మారలేదు. డూప్లికేట్ డిగ్రీకి పోలీసు రిపోర్టు, పేపరు ప్రకటన తప్పవు, నెల పైనే. వచ్చేముందు పదో తరగతి మెమో ఒరిజినల్, రిజిస్ట్రేషన్ నంబరు, ఆధార్‌కి లింకైన ఫోను మూడూ తెచ్చుకోండి. ఫోను ఇంట్లో నాన్న దగ్గర ఉండిపోయి ఓటీపీ కోసం లైన్లో నిలబడి అరుచుకునేవాళ్లని రోజూ చూస్తున్నాను. సోమవారం రావద్దు. బుధ, గురువారాలు లైను తక్కువ.

కౌంటర్‌కి రెండో మనిషి కావాలని నవంబరులోనే నోట్ పెట్టాం. డైరీ నంబరు పడింది. ఫైలు ఫైనాన్స్ సెక్షన్లో ఉంది.